నీటి పొక్కులు వచ్చాయి, రిపోర్టు ఇంకా రాలేదు: హెర్పీస్ అనుమానం ఉంటే ఈలోపు ఏం చేయాలి?

కౌశిక గట్టు (ప్రశ్న):

నమస్తే అండీ. అమలాపురం దగ్గర పల్లెటూరు మాది. పెళ్లైనవాణ్ణి. పది రోజుల కిందట బయట ఒకరితో కలిశాను, కండోమ్ వాడలేదు. మొన్న అంగం మీద, ముందు తోలు కింద, నాలుగైదు చిన్న నీటి పొక్కులు గుత్తిగా లేచాయి. ఇప్పటికి రెండు చితికి పుండ్లయ్యాయి. మూత్రం తగిలితే ప్రాణం పోతోంది. ఎడమ గజ్జలో బిళ్ళ కట్టింది, ఒళ్లు వెచ్చగా ఉంది. ఊళ్లో ఆర్‌ఎంపీ గారు ఒక ట్యూబు, కొన్ని మాత్రలు ఇచ్చారు. ట్యూబు ఇంకా రాయలేదు. ల్యాబుకెళ్లి రక్తం ఇచ్చాను, రసీదు మీద ‘హెచ్‌ఎస్‌వీ 1, 2 ఐజీఎం’ అని ఉంది. శాంపిల్ హైదరాబాదు వెళ్లి రిపోర్టు రావడానికి మూడు రోజులు పడుతుందన్నారు.

ఇది హెర్పీసేనా? రిపోర్టు వచ్చేదాకా మందు ఆపాలా, మొదలెట్టాలా? ఇంట్లో ఒకే బాత్రూమ్, ఒకే తువ్వాలు. భార్యకీ, మూడేళ్ల పాపకీ అంటుకుంటుందేమోనని భయంగా ఉంది. తెలిసినవాళ్లు చెప్పండి.

చర్మం డాక్టరు, కాకినాడ:

మీరు చెప్పిన లక్షణాలకు హెర్పీస్‌ను, అంటే హెచ్‌ఎస్‌వీ అనే వైరస్‌తో వచ్చి కలయికలో అంటుకునే జబ్బును, గట్టిగానే అనుమానించాలి. కలిసిన 2 నుంచి 12 రోజుల్లో గుత్తిగా నీటి పొక్కులు, అవి చితికి నొప్పి పెట్టే పుండ్లు, గజ్జల్లో నొక్కితే నొప్పెట్టే బిళ్ళలు, కాస్త జ్వరం. మొదటిసారి వచ్చే హెర్పీస్ ఈ వరసలోనే వస్తుంది. అయినా కంటితో చూడకుండా ఎవరూ ఖాయం చేయకూడదు. ఇదే చోట, దాదాపు ఇలాగే కనిపించేవి మరికొన్ని ఉన్నాయి.

అందుకే ముందు ఒక ప్రశ్న. ఆర్‌ఎంపీ గారి మాత్రలు పొక్కులు రాకముందు వేసుకున్నారా, వచ్చాకా? విరోచనాలకని, జ్వరానికని షాపులో అడిగి వేసుకునే మాత్రలు కొందరికి అంగం మీదే రియాక్షన్ ఇస్తాయి. నార్‌ఫ్లాక్సాసిన్–టినిడజోల్ కలిపినవి, ఆఫ్లాక్సాసిన్–ఆర్నిడజోల్, కోట్రైమాక్సజోల్, డాక్సీసైక్లిన్, నొప్పి మాత్రలు ఇందులో ముఖ్యమైనవి. దీన్ని ఫిక్స్‌డ్ డ్రగ్ ఎరప్షన్ అంటాం. గుండ్రంగా, ముదురు ఎరుపులో ఒకటో రెండో మచ్చలు లేస్తాయి, మధ్యలో బొబ్బెక్కి తోలు ఊడుతుంది. మానాక నల్ల మచ్చ నెలల తరబడి ఉంటుంది. మళ్లీ అదే మాత్ర వేసుకుంటే గంటల్లో అదే చోట లేస్తుంది. హెర్పీస్ కూడా ఒకే ప్రాంతంలో తిరగబెడుతుంది కాబట్టి చాలామంది దీన్ని హెర్పీస్ అనుకుని ఏళ్ల తరబడి కుమిలిపోతారు. తేడా తెలిసేది రెండు చోట్ల. హెర్పీస్ పొక్కులు ఆవగింజంతవి, గుత్తిగా ఉంటాయి, మానితే సాధారణంగా నల్ల మచ్చ మిగలదు. మందు రియాక్షన్‌లో గజ్జల్లో బిళ్ళలు మామూలుగా కట్టవు.

రెండోది సిఫిలిస్. దాని పుండు చాలావరకు ఒక్కటే ఉంటుంది, నొప్పి ఉండదు, అంచు వేలికి గట్టిగా తగులుతుంది. కలిసిన మూడు వారాలకు అటూ ఇటూగా వస్తుంది, 9 రోజులకూ రావచ్చు, 90 రోజులకూ రావచ్చు. నొప్పి లేదు కదా అని వదిలేస్తారు, దానంతటదే మానిపోతుంది, జబ్బు మాత్రం లోపల ఉండిపోతుంది. నొప్పి ఉందని సిఫిలిస్‌ను కొట్టేయకండి, రెండూ ఒకేసారి రావచ్చు. సిఫిలిస్‌కు చేసే రక్త పరీక్ష, ఆర్‌పీఆర్ గానీ వీడీఆర్‌ఎల్ గానీ, తప్పకుండా చేయించాలి.

చెరువు పనిలో తడి లుంగీతో రోజంతా ఉండేవాళ్లకు వచ్చే తామర వేరు. అంచు ఎర్రగా వలయంలా పాకుతుంది, దురద ఎక్కువ, పుండు పడదు. వరి కోతల రోజుల్లో దీపాల దగ్గర మూగే నారింజ, నలుపు చారల సన్నటి పురుగును చేత్తో నలిపి, అదే చెయ్యి గజ్జల్లో పెట్టినా కాలినట్టు పొక్కులొస్తాయి. అవి సాధారణంగా గీతలా ఉంటాయి. సర్పి అయితే ఒక పక్కనే, పిరుదు నుంచి ముందుకు పట్టీలా వస్తుంది.

ఇక అసలు సంగతి. మీరిచ్చిన రక్తం మీ ప్రశ్నకు జవాబు చెప్పదు. జవాబు ఆ పుండులోనే ఉంది, అదీ ఇంకో ఒకటి రెండు రోజులు మాత్రమే. పొక్కు లేచిన మొదటి 48 గంటల్లో తీసిన స్వాబ్‌లో (కుచ్చు పుల్లతో పుండు నుంచి తీసే శాంపిల్) వైరస్ బాగా దొరుకుతుంది. పెచ్చు కట్టాక తీస్తే హెర్పీస్ ఉన్నా నెగటివ్ రావచ్చు. మీకు ఇంకా చితకని పొక్కులున్నాయి కాబట్టి రేపు పొద్దున్నే చర్మ, సుఖవ్యాధుల డాక్టరు దగ్గరికి వెళ్లి స్వాబ్ ఇవ్వండి. అది ఇచ్చిన వెంటనే మందు మొదలెట్టమనే చాలావరకు డాక్టర్లు అంటారు. మొదటిసారి వచ్చినప్పుడు వాడేది ఎసైక్లోవిర్ 400 మిల్లీగ్రాములు రోజుకు మూడుసార్లు, లేదా వాలసైక్లోవిర్ 1 గ్రాము రోజుకు రెండుసార్లు, 7 నుంచి 10 రోజులు. కిడ్నీ జబ్బుంటే మోతాదు తగ్గించాలి, ముందే చెప్పండి. మందు లేకపోతే మొదటిసారి పుండ్లు రెండు నుంచి నాలుగు వారాలు ఉంటాయి. ఎంత తొందరగా మొదలెడితే అంత తొందరగా తగ్గుతాయి. ఈ మందు వైరస్‌ను ఒంట్లోంచి తుడిచిపెట్టదు. అది నడుం కింది నరాల గుళికల్లో దాక్కునే ఉంటుంది.

ల్యాబ్ బల్ల:

డాక్టరు గారు చెప్పినదానికి ల్యాబ్ వైపు నుంచి కొంచెం.

హెర్పీస్‌లో ఐజీఎం టెస్టు, అంటే రక్తంలో ఆ పేరుగల యాంటీబాడీని వెతికేది, చాలామందిని తప్పుదారి పట్టిస్తోంది. కొత్త జబ్బుకే వస్తుందని అనుకుంటారు, కానీ పాతది తిరగబెట్టినప్పుడూ పాజిటివ్ వస్తుంది. ఈ వైరస్‌లో రెండు రకాలున్నాయి, హెచ్‌ఎస్‌వీ 1, హెచ్‌ఎస్‌వీ 2. మామూలుగా వాడే కిట్లు ఒకటో రకమా, రెండో రకమా తేల్చలేవు. వేరే వైరస్‌కు పుట్టిన యాంటీబాడీలను చూసి పాజిటివ్ చూపించడమూ ఉంది. అమెరికా ప్రభుత్వ ఆరోగ్య సంస్థ సీడీసీ దీన్ని చేయించొద్దనే చెబుతోంది. అందువల్ల మీ రిపోర్టులో పాజిటివ్ అని ఉంటే కూలబడకండి, నెగటివ్ అని ఉంటే గట్టెక్కామనీ అనుకోకండి. డబ్బు పోయింది, వదిలేయండి.

రక్తంలో పనికొచ్చేది టైపు వారీగా చెప్పే ఐజీజీ (ఇంకో రకం యాంటీబాడీ) టెస్టు, వైరస్ మీద ఉండే గ్లైకోప్రోటీన్ జీ ఆధారంగా చేసేది. అది కూడా ఇప్పుడు కాదు. యాంటీబాడీలు పుట్టడానికి రెండు వారాల నుంచి మూడు నెలల దాకా పడుతుంది, కాబట్టి 12 వారాలు నిండాక చేయిస్తే నమ్మొచ్చు. ఇప్పుడే ఐజీజీ చేయించి రెండో రకం పాజిటివ్ వస్తే అది ఈ పది రోజుల నాటిది కాదు, అంతకుముందెప్పటిదో. ఒకటో రకం పాజిటివ్ వస్తే బెంగ అక్కర్లేదు. 2020 అంచనాల ప్రకారం ప్రపంచంలో 50 ఏళ్లలోపువాళ్లలో 64 శాతం మందికి అది ఉందని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. చిన్నప్పుడు ముద్దులతోనే అంటుకుంటుంది. రిపోర్టులో ఇండెక్స్ అనే అంకె 1.1 నుంచి 3 మధ్య ఉంటే దాన్ని ఖాయమైన పాజిటివ్‌గా తీసుకోకూడదు. తప్పుడు పాజిటివ్‌లు ఎక్కువగా ఉండేది అక్కడే, ఇంకో పద్ధతిలో మళ్లీ చూడాలి.

స్వాబ్ ఇచ్చేటప్పుడు గమనించాల్సినవి చెబుతాను, ఎందుకంటే చిన్న ఊళ్ల కలెక్షన్ సెంటర్లలో ఇక్కడే పాడవుతుంది. ఆ పూట పుండు మీద ట్యూబు గానీ, తిమ్మిరి జెల్ గానీ, డెటాల్ గానీ రాయకండి. చితకని పొక్కు ఉంటే దాని పైపొర స్టెరైల్ సూదితో విప్పి, అడుగున స్వాబ్‌ను గట్టిగా తిప్పాలి. వైరస్ ఉండేది అడుగు కణాల్లో. పైన కారే రసిని అద్ది తీస్తే సరిపోదు. కాస్త నొప్పి పుడుతుంది, అలా పుట్టకపోతే తీసినట్టే కాదు. స్వాబ్ ప్లాస్టిక్ పుల్లకు పాలిస్టర్ లేదా నైలాన్ కుచ్చు ఉన్నదై ఉండాలి. చెక్క పుల్లకు దూది చుట్టినది పీసీఆర్‌కు, అంటే వైరస్ జన్యువును పట్టే టెస్టుకు, పనికిరాదు. తీసిన వెంటనే వైరల్ ట్రాన్స్‌పోర్ట్ మీడియం ఉన్న గొట్టంలో పుల్ల విరిచి వేసి, 2 నుంచి 8 డిగ్రీల చల్లదనంలో ఉంచి పంపాలి. ఎండల్లో ఐస్ ప్యాక్ లేకుండా బస్సు పార్శిల్లో వేస్తే హైదరాబాదు చేరేసరికి శాంపిల్‌కి ఏమవుతుందో చెప్పలేం. వెళ్లేముందు ఫోన్ చేసి ‘హెచ్‌ఎస్‌వీ 1, 2 పీసీఆర్, పుండు స్వాబ్ మీద చేస్తారా? మీడియం గొట్టం మీ దగ్గర ఉందా?’ అని అడగండి. లేదంటే వేరే చోటు చూసుకోండి. ఒకటా రెండా అని రకం విడగొట్టి చెప్పే టెస్టే అడగండి, ముందుముందు దానితో పని ఉంది.

పీసీఆర్ కుదరకపోతే బోధనాసుపత్రుల్లో జాంక్ స్మియర్ అని ఉంటుంది. పొక్కు అడుగు గీకి గాజు పలక మీద పూసి, జీమ్సా రంగు వేసి మైక్రోస్కోపులో చూస్తారు. చాలా కేంద్రకాలున్న పెద్ద కణాలు కనిపిస్తే హెర్పీస్ కుటుంబమని తేలుతుంది. ఏ రకమో చెప్పలేదు, సర్పిని కూడా విడగొట్టలేదు, కనపడకపోతే లేదనీ అనలేం. కానీ చవక, అదే పూట తేలుతుంది.

కౌశిక గట్టు:

ఆయ్, ఇద్దరికీ దణ్ణమండీ. మాత్రలు పొక్కులు వచ్చాకే ఇచ్చారు, ఒక్కటే వేసుకున్నాను. అంతకుముందు ఏ మందూ వాడలేదు. ఇదివరకు ఇలా ఎప్పుడూ రాలేదు, మచ్చా లేదు. ట్యూబు మీద క్లోబెటాసాల్, నియోమైసిన్, మైకోనజోల్ అని ఉంది. రాయొచ్చా? మూత్రం పోసేటప్పుడు మంటకు భయపడి నీళ్లు తాగడం తగ్గించేశాను. భార్య సంగతి కూడా చెప్పండి. పుట్టింట్లో ఉంది, ఎల్లుండి వస్తుంది.

మందుల కొట్టు, పాలకొల్లు:

తమ్ముడూ, ఆ ట్యూబు పారెయ్. క్లోబెటాసాల్ చాలా ఘాటైన స్టెరాయిడ్. వైరస్ పుండు మీద రాస్తే మంట ఒకపూట తగ్గినట్టుంటుంది కానీ ఆ చోట ఒంటి రక్షణ పడిపోయి పుండు పాకుతుంది, మానడం ఆలస్యమవుతుంది. పైగా అంగం మీది తోలు పల్చన, పదేపదే రాస్తే ఇంకా పల్చబడి చీలుతుంది. మన జిల్లాల్లో మందుకు లొంగని తామరలు ఇంతగా పెరగడానికి ఈ మూడు కలిపిన ట్యూబులు పెద్ద కారణం. స్టెరాయిడ్ క్రీములు షెడ్యూల్ హెచ్ మందులు, చీటీ లేకుండా అమ్మకూడదు. ఎసైక్లోవిర్ పూత మందు అడిగినా నేను వద్దనే అంటాను. కింద పుండ్లకు దానివల్ల ఒరిగేది బహు తక్కువ, లోపలికి మాత్రే పడాలి. చీటీ మీద 400 అని ఉంటే కొట్టులో 200వి ఇస్తే రెండేసి వేసుకోవాలి. చాలామంది ఒక్కోటి వేసుకుని ‘పని చేయలేదు’ అంటారు. మొదటి రెండు రోజులకే నెమ్మదించిందని మధ్యలో మానెయ్యొద్దు.

నీళ్లు తగ్గించడం మాత్రం వెంటనే మానుకో. మూత్రం చిక్కబడితే మంట ఇంకా పెరుగుతుంది. ఎసైక్లోవిర్ వాడేటప్పుడు నీళ్లు తక్కువైతే కిడ్నీలకూ మంచిది కాదు. రోజుకు రెండున్నర, మూడు లీటర్లు తాగు. మూత్రానికి వెళ్లినప్పుడు మగ్గుతో గోరువెచ్చని నీళ్లు పుండ్ల మీద ధారగా పోస్తూ వెళ్లు, లేదా వెడల్పాటి బేసిన్లో నీళ్లు పోసుకుని అందులో కూర్చుని అక్కడే పోసెయ్. మూత్రం పలచబడి పుండుకు తగలదు. అర లీటరు నీళ్లకు టీస్పూను ఉప్పు కలిపి రోజుకు రెండు మూడుసార్లు పది నిమిషాలు తడుపు. కాలవ నీళ్లు అలాగే వాడకు, కాచి చల్లార్చినవి వాడు. తరవాత మెత్తటి గుడ్డతో అద్దు, రుద్దకు. తోలు వెనక్కి లాగి కడిగితే మళ్లీ ముందుకు తెచ్చెయ్యి. వాచినప్పుడు వెనకే వదిలేస్తే ఇరుక్కుపోయి ఆపరేషన్ దాకా పోతుంది. నొప్పికి పారాసిటమాల్ 650 ఆరేసి గంటలకోటి, రోజుకు నాలుగు దాటకూడదు. స్వాబ్ ఇచ్చాక మరీ తట్టుకోలేకపోతే 2 శాతం లిగ్నోకైన్ జెల్ కొద్దిగా. పసుపు, సున్నం, వేపాకు ముద్ద, డెటాల్ ఏవీ వద్దు. పచ్చి పుండు కాలిపోతుంది.

ఒకటి గుర్తుంచుకో. మూత్రం పూర్తిగా బిగిస్తే, తలనొప్పితో మెడ బిగుసుకుంటే, కన్ను ఎర్రబడి నొప్పి పుడితే ఆగకుండా పెద్దాసుపత్రికి వెళ్లిపో. పుండు ముట్టుకున్న చేత్తో కన్ను నలపకు, సబ్బుతో కడుక్కో.

కౌన్సెలర్ అక్క:

బాబూ, పాప గురించిన భయం ముందు దించుకో. ఈ వైరస్ పుండుకు గానీ, వైరస్ ఉన్న తోలుకు గానీ నేరుగా చర్మం రాసుకుంటేనే అంటుతుంది. బాత్రూమ్ గచ్చు, కమోడ్, చెరువు నీళ్లు, ఒకే కంచం, ఇవేవీ అంటించవు. పొడి చోట వైరస్ ఎక్కువసేపు బతకదు. తువ్వాలు మాత్రం పుండ్లు మానేదాకా విడిగా పెట్టుకో, తడి తువ్వాలు పంచుకోవడం ఎలాగూ మంచిది కాదు. పాపను ఎత్తుకో, ముద్దాడు. నీ పుండు కింద ఉంది, నోట్లో కాదు.

భార్య సంగతి వేరు. పుండ్లు పూర్తిగా మాని, పెచ్చులూడి, కొత్త తోలు వచ్చేదాకా ఏ రకంగానూ కలవకూడదు, నోటితో కూడా. కండోమ్ ఉందిగా అనుకోకు, అది కప్పని చోట పుండు ఉంటే లాభం లేదు. మానాక కూడా పైకి ఏమీ కనపడకుండానే వైరస్ అప్పుడప్పుడూ తోలు మీదికి వస్తుంది. అందుకే తరవాత కండోమ్ వాడటం, అవసరమైతే రోజూ మందు వేసుకోవడం గురించి డాక్టరుతో మాట్లాడుకోవాలి. రోజూ వాలసైక్లోవిర్ 500 వేసుకుంటే భాగస్వామికి రెండో రకం అంటుకునే ముప్పు సుమారు సగానికి తగ్గుతుందని పరిశోధనల్లో తేలింది. ఆమెతో చెప్పాలా అంటావా, చెప్పాలి. ఎప్పుడు చెబుతావన్నది నీ చేతిలో ఉంది. ఈ రెండు రోజులూ ‘ఒంట్లో బాగాలేదు, ఇన్‌ఫెక్షన్ ఉంది, డాక్టరు దూరంగా ఉండమన్నాడు’ అంటే అబద్ధం కాదు. రిపోర్టు చేతికొచ్చాక ఇద్దరూ కలిసి మా దగ్గరికి వస్తే మేం కూడా పక్కన కూర్చుని మాట్లాడతాం. ఆమెకు పుండ్లు లేకపోతే ఇప్పుడే ఆమెను టెస్టుల చుట్టూ తిప్పొద్దు.

ఖర్చు గురించి, చూసేవాళ్ల గురించి భయమైతే ప్రభుత్వాసుపత్రిలో సుఖవ్యాధులు చూసే సురక్ష క్లినిక్ ఎక్కడని అడుగు. కాకినాడ ప్రభుత్వ పెద్దాసుపత్రి (జీజీహెచ్)లో చర్మ, సుఖవ్యాధుల విభాగమే ఉంది. పొక్కులు చూసి హెర్పీస్ అనిపిస్తే ఎర్ర కిట్ ఇస్తారు. అందులో ఎసైక్లోవిర్ 400 మాత్రలు 21, రోజుకు మూడు చొప్పున వారానికి సరిపడా ఉచితంగా. అక్కడే ఐసీటీసీ అనే సలహా, పరీక్షల కేంద్రంలో హెచ్‌ఐవీ, సిఫిలిస్ టెస్టులు కూడా ఉచితం. ఈరోజు చేస్తే ఇప్పటికి ఎలా ఉందో తెలుస్తుందంతే. ఆరు వారాలకు, మూడు నెలలకు మళ్లీ చేయించు. హెచ్‌ఐవీ రాకుండా ముందుజాగ్రత్తగా ఇచ్చే మందు కలిసిన 72 గంటల్లో మొదలెడితేనే పనిచేస్తుంది, నీకు ఆ సమయం దాటిపోయింది. అందుకే ఈ మూడు నెలల టెస్టు ఎగ్గొట్టకు. పుండ్లున్న చోట హెచ్‌ఐవీ చొరబడటం తేలిక. హెచ్‌ఐవీ వివరాలు బయటపెట్టకూడదని 2017 చట్టం ఉంది. తెలిసినవాళ్లు ఎదురుపడతారనుకుంటే వేరే ఊరి ఆసుపత్రికి వెళ్లు, ఎవరూ అడ్డు చెప్పరు. రాత్రిపూట బుర్ర తిరిగిపోతుంటే ఎయిడ్స్ హెల్ప్‌లైన్ 1097కి ఫోన్ చెయ్, డబ్బులు పడవు, తెలుగులో మాట్లాడొచ్చు.

ఇంకో మాట. ఇది ప్రాణం తీసే జబ్బు కాదు, పిల్లలు పుట్టకుండా చేసేదీ కాదు. 15 నుంచి 49 ఏళ్ల వాళ్లలో రెండో రకం ఉన్నవాళ్లు ప్రపంచంలో 52 కోట్లని అంచనా. వాళ్లలో ఎక్కువమందికి ఉన్నట్టే తెలియదు.

లంక ఆడపడుచు:

డాక్టరు గారూ, మధ్యలో అడుగుతున్నందుకు ఏమనుకోకండి. నాకు ఆరో నెల. మా ఆయనకు జ్వరమొచ్చినప్పుడల్లా పెదవి మీద పొక్కులొస్తాయి. నాకు ఎప్పుడూ రాలేదు. బిడ్డకు ప్రమాదమా?

చర్మం డాక్టరు, కాకినాడ:

మంచి ప్రశ్న అమ్మా, అడగాల్సిందే. పెదవి మీద వచ్చేది ఎక్కువగా ఒకటో రకం. మీకూ చిన్నప్పుడే వచ్చి తెలియకుండా ఉండిపోయి ఉండొచ్చు. అలాగైతే బిడ్డకు భయం చాలా తక్కువ. ప్రమాదం ఎక్కడంటే, ఇదివరకు లేని తల్లికి చివరి మూడు నెలల్లో కింద మొదటిసారి రావడం. అప్పుడు కాన్పులో బిడ్డకు అంటుకునే అవకాశం 30 నుంచి 50 శాతం దాకా ఉంటుంది. పాతదే తిరగబెడితే 1 శాతం కన్నా తక్కువ. కాబట్టి ఆయన పెదవికి పొక్కు ఉన్నన్నాళ్లూ ముద్దులు వద్దు. చివరి మూడు నెలలు నోటితో కలయిక పూర్తిగా మానేయండి. మూత్రంలో మంట, తెల్లబట్టతో పాటు కింద పుండ్లు వస్తే యూరిన్ ఇన్‌ఫెక్షన్ అనుకుని ఊరుకోకుండా గైనకాలజిస్టుకు చూపించండి. ఆడవాళ్లలో ఇది ఇలాగే దాటిపోతుంది. పుట్టిన బిడ్డను పెదవి పొక్కు ఉన్నవాళ్లెవరూ ముద్దు పెట్టుకోకూడదు, తాతయ్యలైనా అమ్మమ్మలైనా.

కౌశిక గట్టు గారూ, మీకు మందు రియాక్షన్ కాదని దాదాపు తేలినట్టే. ఆర్‌ఎంపీ గారి మాత్రలు ఆపేసి, ఆ షీట్ డాక్టరుకు చూపించండి. పీసీఆర్ పాజిటివ్ వస్తే రకం చూసుకోండి. కింద వచ్చింది ఒకటో రకమైతే ఏడాదికి ఒకసారి వస్తే వచ్చినట్టు, లేకపోతే లేదు. రెండో రకమైతే మొదటి ఏడాది నాలుగైదుసార్లు తిరగబెట్టొచ్చు, తరవాత తగ్గుతూ పోతుంది. అవి ఇంత బాధ పెట్టవు. రేపు వస్తుందనగా అక్కడ చిమచిమలాడటం, చురుకు మొదలవుతుంది. ఆ పూటే మందు వేసుకుంటే పొక్కు లేవకుండా పోవడమూ ఉంది. అందుకే వాలసైక్లోవిర్ 500 ఆరు మాత్రలు ఇంట్లో ఉండేలా డాక్టరుతో ముందే రాయించుకోండి, రోజుకు రెండు చొప్పున మూడు రోజులు.

నెగటివ్ వచ్చిందనుకోండి, స్వాబ్ ఏ రోజు, ఎలా తీశారో అడగండి. పచ్చి పొక్కు అడుగు నుంచి సరిగ్గా తీసినదైతే నమ్మొచ్చు. పెచ్చు మీద తీసినదైతే కొట్టిపారేయలేం. అప్పుడు మళ్లీ లేచిన రోజే స్వాబ్ ఇవ్వడం, లేకపోతే 12 వారాలకు టైపు వారీ ఐజీజీ చేయించడం. ఆర్‌పీఆర్ మాత్రం ఏది ఎలా వచ్చినా చేయించాల్సిందే.

కౌశిక గట్టు:

పొద్దున్న మొదటి బస్సుకే కాకినాడ వెళ్తున్నానండి. స్వాబ్ గొట్టం గురించి ఇప్పుడే ల్యాబుకు ఫోన్ చేశాను, ఉందన్నారు, ఐస్ పెట్టె కూడా ఉందట. రిపోర్టు వచ్చాక ఇక్కడే రాస్తాను.